నీ ఉత్తరం విన్నాను

ప్రశ్న: అక్కా, రాయడం నావల్ల కాదు కాబట్టి వాయిస్ మెసేజ్ పెడుతున్నాను, ఏమనుకోవద్దు. నాకు 39 ఏళ్ళు. మాది తెనాలి పక్క. 18 ఏళ్ళుగా హైదరాబాదు కృష్ణానగర్‌లో ఉంటూ సినిమాలకు స్టోరీబోర్డులు, అంటే సీన్లను ముందే బొమ్మలుగా, వేస్తున్నాను. మా బాబు మూడో తరగతి. చదువులో వెనకబడ్డాడని స్కూలువాళ్ళు సైకాలజిస్టు దగ్గరికి పంపితే డిస్లెక్సియా అన్నారు, చదవడంలో వచ్చే ఇబ్బందట. ఆవిడ వాడి గురించి అడిగిన ప్రశ్నలన్నీ నా గురించి అడిగినట్టే ఉన్నాయి. నేను పది రెండుసార్లు తప్పాను. ఇప్పటికీ పేపర్లో ఒక వార్త చదివేసరికి టీ చల్లారిపోతుంది. కళ్ళజోడు మర్చిపోయాననీ, తలనొప్పనీ చెప్పి ఇన్నేళ్ళూ తప్పించుకున్నాను. నాకు చదవడం ఇష్టం లేదనే మా ఆవిడ అనుకుంటోంది, కష్టమని తనకు తెలియదు. ఇప్పుడొక డైరెక్టరు నా కథ విని, నువ్వే రాసుకురా, కో-డైరెక్టరుగా చెయ్యి అన్నాడు. ముందు తన ఇంకో సినిమా స్క్రిప్టు చదివి అభిప్రాయం చెప్పమని 130 పేజీలు పంపాడు. అంతా ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు. పదకొండు రోజులైంది, తొమ్మిదో పేజీలో ఉన్నాను. నేనూ టెస్టు చేయించుకోవాలా? ఆయనకు నిజం చెబితే అవకాశం పోతుందా? బాబుకు ఇది నా వల్లే వచ్చిందా?

జవాబు:

తమ్ముడూ,

నీ మెసేజ్ తొమ్మిది నిమిషాల పైచిలుకు. పైన ఉన్నది నేను కుదించిన ముక్క. నీ పేరూ, నిన్ను పట్టించే ఆనవాళ్ళూ తీసేశాను. ఉత్తరం రాయలేదని అంత నొచ్చుకోకు. ఈ జవాబూ నేను చేత్తో రాస్తున్నది కాదు. వర్క్‌షాపులో అద్దకం బల్ల మీద ఫోన్ పెట్టుకుని చెబుతుంటే అదే టైపు చేస్తోంది. సాయంత్రం మా మేనకోడలు వచ్చి వత్తులు సరిచేస్తుంది. అక్కా అన్నావు కాబట్టి నేనూ నువ్వు అనే అంటున్నాను.

నాకూ డిస్లెక్సియా ఉందని 31వ ఏట తెలిసింది. పెడనలో కలంకారీ అద్దకం మా పని. 35 దుపట్టాలు అడిగినవాళ్ళకు 53 అద్దించి పంపాను, అదీ ఒకే ఏడాదిలో రెండుసార్లు. రెండోసారి మా ఆయన అరవలేదు. "అసలు నీకా అంకెలు ఎలా కనిపిస్తాయే?" అని అడిగాడు. అంతకు ముందు ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. బళ్ళో ఉన్నప్పుడు పాఠం పైకి చదవమని నిలబెట్టి, నేను తడబడుతుంటే నవ్వినవాళ్ళున్నారు, బెంచీ ఎక్కించినవాళ్ళున్నారు. ఎలా కనిపిస్తోందని మాత్రం ఎవరూ అడగలేదు. అప్పటిదాకా నాకు నేను పెట్టుకున్న పేరు పరధ్యానం.

అక్షరాలు తిరగబడి కనిపిస్తాయా అని నిన్నూ అడుగుతారు, చూడు. మా అద్దకం అచ్చుల మీద అన్నీ తిరగేసే చెక్కుతారు. నిజంగా నాకు తిరగబడి కనిపించేటట్టయితే అచ్చుల మీదివైనా గడగడా చదివేయాలి కదా. అలా జరగదు. అవీ కష్టమే, ఇవీ కష్టమే. ఇది కంటి జబ్బు కాదు. మాటను చిన్న చిన్న ధ్వనులుగా విడదీసి, ఒక్కో ధ్వనికీ దాని గుర్తును తగిలించే పని మెదడులో నెమ్మదిగా, శ్రమగా జరుగుతుంది. తెలివికి దీంతో సంబంధం లేదు. 1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు పెర్సీ అనే 14 ఏళ్ళ కుర్రాడి గురించి ఒక వైద్య పత్రికలో రాశాడు. ఆటల్లో ముందుంటాడు, లెక్కల్లో ఇబ్బంది లేదు, తన పేరు తాను రాసుకోబోతే మాత్రం అక్షరాలు తారుమారవుతాయి. చదువంతా నోటితోనే చెబితే స్కూలు మొత్తంలో వీడే చురుకైనవాడు అని వాళ్ళ మాస్టారు అన్నాడట. నూటపాతికేళ్ళ కిందటి ఆ మాస్టారు మనకు దొరకలేదు, అంతే.

మనది రాసినట్టే పలికే భాష కాబట్టి తెలుగువాళ్ళకు డిస్లెక్సియా ఉండదని ఒక పెద్దాయన నాతో గంటసేపు వాదించాడు. 2001లో ఇటలీ, ఫ్రాన్సు, ఇంగ్లండు దేశాల్లో డిస్లెక్సియా ఉన్న పెద్దవాళ్ళ మీద ఒక అధ్యయనం జరిగింది. ఇటాలియన్ కూడా దాదాపు రాసినట్టే పలికే భాష. అక్కడివాళ్ళు మిగతా ఇద్దరికన్నా బాగా చదివారు, కానీ చదివేటప్పుడు మెదడులో మందకొడిగా ఉన్న చోటు ముగ్గురికీ ఒకటే. మనలాంటి లిపిలో తప్పులకన్నా నిదానమే ఎక్కువ బయటపడుతుంది. నీ టీ చల్లారడం అదే. ఇక మన లిపికి దాని తిప్పలు దానికున్నాయి. ప, ష, వ, మ, య అన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం తీసుకో. పైనున్న గుడిదీర్ఘం అన్నిటికన్నా ముందు కంటబడుతుంది, చివర పలకాలి. వత్తులు కిందా పక్కనా ఉంటాయి, మధ్యలో పలకాలి. మామూలువాళ్ళ కన్ను ఈ మెట్లన్నీ లెక్కచేయకుండా దాటేస్తుంది. మనం ప్రతిసారీ ఎక్కి దిగాలి.

నీ చేతికి వచ్చిన 130 పేజీలు దీనికన్నా అన్యాయం. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగుకు ఒక పద్ధతంటూ లేదు. 'వెళ్తున్నాడు' అన్న మాటను ఒకచోట 'హెచ్' పెట్టి, ఒకచోట పెట్టకుండా, ఇంకోచోట రెండు 'ఎల్'లతో రాస్తారు. కల, కాల, కళ మూడూ ఒకే వేషంలో వస్తాయి. మనబోటివాళ్ళం తరచుగా చూసే మాటను బొమ్మలా గుర్తుపెట్టుకుని బండి లాగిస్తాం. ఆ బొమ్మ ప్రతి పేజీలోనూ మొహం మార్చుకుంటే పదకొండు రోజుల్లో తొమ్మిది పేజీలు కాక ఇంకేమవుతాయి? దాన్ని నీ మీద పరీక్షగా లెక్కపెట్టకు. ఆ ఫైలు అక్కడ మూసెయ్.

టెస్టు సంగతి. చేయించుకోవడం మంచిదే గాని తొందరేమీ లేదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు అయి ఉండాలి, పెద్దవాళ్ళను చూసిన అనుభవం ఉండాలి. ముందు కళ్ళు, చెవులు పరీక్షించుకో. నువ్వు తెలుగు మీడియంలో చదివినవాడివి, నీకు ఇంగ్లిషు పేరాలిచ్చి చదవమంటే వచ్చే జవాబుకు అర్థం లేదు, ఆ మాట ముందే అడుగు. మన దేశంలో ఈ పరీక్షలు ఎక్కువగా పిల్లల కోసం తయారైనవే, పెద్దవాళ్ళకు తెలుగులో ఉన్నవి తక్కువ. అందుకని సైకాలజిస్టు నీ చిన్నప్పటి సంగతులు చాలాసేపు అడిగితే విసుక్కోకు, సగం పరీక్ష అదే. నీకు సర్టిఫికెట్‌తో పెద్దగా పనిలేదు, నువ్వు చేసేది ఉద్యోగం కాదు కదా. బాబుకు మాత్రం అవసరం. నువ్వు బళ్ళో ఉన్న రోజుల్లో అమల్లో ఉన్న 1995 వికలాంగుల చట్టంలో మన ఇబ్బందికి పేరే లేదు. 2016లో వచ్చిన కొత్త చట్టంలో 21 రకాల వైకల్యాలను లెక్కించారు, వాటిలో ఇదొకటి. దాని మీద ఆధారపడి పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, ఇంకొన్ని సౌకర్యాలు అడగవచ్చు. ఏ బోర్డు ఏది ఇస్తుందో స్కూలువాళ్ళను రాతపూర్వకంగా అడుగు.

ఇంకో మాట, ఇది చాలామందికి నచ్చదు. డిస్లెక్సియా ఒక వరమనీ, అది ఉన్నవాళ్ళంతా కళాకారులనీ చెప్పేవాళ్ళు నీ దగ్గరికి వస్తారు. ఐన్‌స్టీన్ నుంచి డావిన్చీ దాకా పేర్లు వల్లిస్తారు. చనిపోయినవాళ్ళకు టెస్టు ఎవరు చేశారో నాకు అర్థం కాదు. డిస్లెక్సియా వల్ల సృజన పెరుగుతుందా అన్నదాని మీద పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. నీ బొమ్మ బాగుందంటే 18 ఏళ్ళు రోజూ పెన్సిల్ పట్టావు కాబట్టి బాగుంది. నా రంగు కుదిరిందంటే కరక్కాయ నీళ్ళలో గుడ్డ ఎంతసేపు నాననివ్వాలో చేతికి తెలిసింది కాబట్టి కుదిరింది. ఆ కష్టాన్ని తీసుకెళ్ళి ఒక లోపానికి కట్టబెట్టడం నాకు నచ్చదు. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. పుస్తకం వైపు దారి మూసుకుపోయినప్పుడు నువ్వు గంటలకు గంటలు బొమ్మల దగ్గర కూర్చున్నావు, అది కలిసొచ్చింది. "చేతిరాత బాగుంటే తలరాత బాగుంటుంది" అని మనల్ని దెప్పినవాళ్ళకు ఆ గంటలు కనబడలేదు.

బతికున్నవాళ్ళు తమంతట తాము చెప్పినవైతే నాకూ ఇష్టమే. స్టీవెన్ స్పీల్‌బర్గ్‌కు అరవై దరిదాపుల్లో తెలిసింది. 2012లో ఒక ఇంటర్వ్యూలో ఆ సంగతి చెబుతూ, ఇతరులు గంటా పది నిమిషాల్లో చదివేది తనకు రెండుముప్పావు గంటలు పడుతుందన్నాడు. ఆ లెక్క నాకు నచ్చింది. "నేను దాన్ని జయించాను" అనలేదు, ఎంత టైం పడుతుందో చెప్పాడు. ఫిలిప్ షుల్జ్ అనే అమెరికన్ కవి కథ ఇంకా దగ్గరగా నీదే. కొడుక్కి టెస్టు చేస్తుంటే తనకూ అదే ఉందని 58వ ఏట అర్థమైంది. 2008లో ఆయన కవిత్వానికి పులిట్జర్ బహుమతి వచ్చింది.

సరే, డైరెక్టరు. చెప్పు. కానీ ఎలా చెబుతావన్నది ముఖ్యం. జబ్బు పేరుతో మొదలుపెట్టావంటే ఆయన జాలిపడతాడు, లేకపోతే భయపడతాడు. పనితో మొదలుపెట్టు. "సార్, నాకు చదవడం బాగా నిదానం, డిస్లెక్సియా ఉంది. వింటే పట్టుకుంటాను. స్క్రిప్టు ఒకసారి నాకు నెరేషన్ ఇప్పించండి, రెండో రోజుకు సీను సీనుకూ బొమ్మలు వేసి అభిప్రాయం చెబుతాను." ఇంతే. నీ అదృష్టం, నువ్వున్న పరిశ్రమలో కథలు పుట్టేది నోటితోనే. హీరోకు కథ చెప్పేది నోటితోనే, ప్రొడ్యూసరు చెక్కు మీద సంతకం పెట్టేది విన్నాకే, సిట్టింగుల్లో నెలల తరబడి జరిగేది మాటలే. కాగితం చివర్లో వస్తుంది. వినాలని అడిగితే ఎవరూ వింతగా చూడని పని ఈ దేశంలో ఏదైనా ఉందంటే సినిమాయే. అలా అడిగినందుకు ఆయన వెనక్కి తగ్గితే? తగ్గవచ్చు, తగ్గడని మాటివ్వలేను. కానీ నువ్వు దాచిపెట్టి కో-డైరెక్టరువైతే రోజూ కాల్‌షీట్లు, సీన్ పేపర్లు, అప్పటికప్పుడు మారిన డైలాగులు చేతికిస్తారు. అన్నిటికీ కళ్ళజోడు మర్చిపోలేవు. చదవడంకన్నా దాచడం మనిషిని ఎక్కువ అలసిపోయేలా చేస్తుంది, ఇది 31 ఏళ్ళు దాచినదాన్ని చెబుతున్నాను.

నెరేషన్‌ను ఫోన్‌లో రికార్డు చేసుకోవాలంటే ముందే అడుగు, లీకుల భయం వాళ్ళకు ఉంటుంది. కాగితం తప్పదంటే తెలుగు లిపిలో, ఫోన్‌లు అక్షరాలుగా గుర్తుపట్టే యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలు అడుగు. దాన్ని నీ ఫోన్ పైకి చదివి వినిపిస్తుంది. ఇక్కడొక చిక్కుంది. డీటీపీ సెంటర్లలో 'అను' అనే పాత రకం ఫాంట్లలో చేసిన పీడీఎఫ్ పంపితే ఫోన్‌కు అది పిచ్చిగీతల్లాగే కనిపిస్తుంది, ఒక్క ముక్క చదవదు. ఇంగ్లిషు అక్షరాల తెలుగునైతే దొరగారి యాసలో చదివి నిన్ను నవ్విస్తుంది. ప్రింటు తీయించుకుంటే అక్షరం పెద్దది, వరసల మధ్య ఎడం ఎక్కువ ఉండాలి. పై వరస వత్తులు కింది వరస గుడుల మీద కూర్చోకూడదు. అక్షరాల మధ్య ఖాళీ పెంచితే డిస్లెక్సియా ఉన్న పిల్లలు మెరుగ్గా చదివారని 2012లో ఇటలీ, ఫ్రాన్సు పిల్లల మీద చేసిన పరిశీలనలో తేలింది. రంగు కళ్ళద్దాలకూ, డిస్లెక్సియా కోసమని అమ్మే ప్రత్యేక ఫాంట్లకూ అలాంటి గట్టి ఆధారం లేదు. వాటి మీద డబ్బు పొయ్యకు. నైట్ షూటింగ్ అయ్యాక ఏదీ చదవకు, పొద్దున్నే చదువు.

ఇప్పుడు రాయడం గురించి, నాకు ఎక్కువ చెప్పాలనున్నది ఇదే. నీ మెసేజ్‌లో ఐదో నిమిషం దగ్గర బాబును సైకాలజిస్టు దగ్గర్నుంచి ఇంటికి తీసుకొస్తున్న ముక్క ఒకటుంది. వాడు స్కూటర్ ముందు నిలబడ్డాడు. అద్దంలో వాడి మొహం సగమే కనిపిస్తోంది. సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన బస్సు మీది అక్షరాలు చదవడానికి పెదాలు కదుపుతున్నాడు. సగం మాట అయ్యేసరికి పచ్చలైటు పడింది, బస్సు వెళ్ళిపోయింది. వాడు పెదాలు ఇంకా కదుపుతూనే ఉన్నాడు. ఇది నువ్వు చెప్పింది చెప్పినట్టే, ఒక్క మాట నేను కలపలేదు. తమ్ముడూ, ఇది సీనే. ఎక్కడ మొదలవ్వాలో, కెమెరా ఎక్కడుండాలో, ఎక్కడ కట్ చేయాలో అన్నీ ఉన్నాయి. "నాకు రాయడం రాదు" అని ఏడో నిమిషంలో అన్నావు చూడు, అప్పుడు నాకు నవ్వొచ్చింది.

అందుకని కథ రాయడానికి తెల్లకాగితం ముందు కూర్చోకు. నీకు వచ్చిన పద్ధతిలోనే సీను సీనుకూ బొమ్మ వెయ్యి, గోడకు అతికించు. ఒక్కో బొమ్మ ముందు నిలబడి సీను మొత్తం ఫోన్‌కు చెప్పు. చేర్యాల పటం చూశావా? కులపురాణం మొత్తం బొమ్మల వరసగా గీసి ఉంటుంది. పటం విప్పుతూ, బొమ్మ చూపిస్తూ కథ పాడతారు. మీ స్టోరీబోర్డు దానికి మనవడు. అవధానుల్ని చూపించి కాగితం లేకుండానే సాహిత్యం పుట్టించవచ్చని కూడా చెబుతారు కొందరు. ఆ ధారణ మనకు కుదరదులే, నాకు మా ఇంటి ఫోన్ నంబరే నిలవదు. పటం కథ నయం, గుర్తు గోడ మీద ఉంటుంది.

ఫోన్ కీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ ఇప్పుడు బాగానే పనిచేస్తుంది. తెనాలి యాస కొంచెం తగ్గించుకుని మాట్లాడాల్సి వస్తుంది, అదొక్కటే నా ఫిర్యాదు. అది టైపు చేసినదాన్ని కంటితో దిద్దుకోవాలని చూడకు, దాని చేతనే పైకి చదివించుకో. తప్పు మన కన్ను వదిలేస్తుంది, చెవి వదలదు. ఆ తర్వాత శుభ్రంగా రాసిపెట్టడానికి ఒక మనిషిని పెట్టుకో, డబ్బిచ్చి పెట్టుకో. మీ టైటిల్ కార్డుల్లో కథ, స్క్రీన్‌ప్లే, మాటలు ఎలాగూ వేరువేరు పేర్లతో పడతాయి. కథ నీది, మాటలు ఇంకొకరివి కావచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు. కానీ ఆ మనిషి చేతిలో పెట్టేముందు కథను రచయితల సంఘంలో నీ పేరున రిజిస్టరు చేయించు. ఏ అగ్రిమెంటునూ అక్కడికక్కడే సంతకం పెట్టకు. "ఇంటికి తీసుకెళ్ళి చూసుకుని ఇస్తాను" అను. పూర్తిగా చదవకుండా సంతకం పెట్టి నేను ఒక ఎగుమతి వ్యాపారి చేతిలో ఆరు నెలల కూలి పోగొట్టుకున్నాను.

ఇంటికి తీసుకెళ్తే ఎవరు చదువుతారు? మీ ఆవిడే. అందుకే డైరెక్టరు కన్నా ముందు ఆమెకు చెప్పాలి. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఇదేం సంగతి అని కోపం వస్తుంది, రానీ. ఆమె రాసిపెట్టిన సరుకుల చీటీని నువ్వు పక్కన పడేసి సగం తప్పులు తెచ్చిన రోజులన్నీ ఆమెకు ఇప్పుడు వేరేగా గుర్తొస్తాయి. నిర్లక్ష్యం అనుకున్నది అది కాదని తెలియడం ఆమెకూ ఊరటే.

బాబుకు నీ వల్ల వచ్చిందా అన్నావు. ఇది కుటుంబాల్లో నడుస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో వచ్చే అవకాశం మిగతావాళ్ళ కన్నా చాలా ఎక్కువ. కాబట్టి నీ నుంచి వచ్చి ఉండవచ్చు, నీకు మీ నాన్న నుంచో అమ్మ నుంచో వచ్చినట్టే. మీ నాన్నగారు వేలిముద్ర వేసేవారని చెప్పావు. చదువు చెప్పించలేదు కాబట్టి అనుకున్నావు. ఏమో మరి.

వాడికి మాత్రం నువ్వే చెప్పు, సైకాలజిస్టు కన్నా ముందు. "నాక్కూడా అంతేరా" అని చెప్పు. నీ పది ఫెయిలు మార్కుల కాగితం ఉంటే చూపించు. వాడికి అక్షరాలనూ ధ్వనులనూ ఒక క్రమంలో, ఓపిగ్గా నేర్పే స్పెషల్ ఎడ్యుకేటరు కావాలి, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ఇంపోజిషన్లు రాయించడం వల్ల చెయ్యి నొప్పి తప్ప ఏమీ రాదు. రాత్రిళ్ళు నువ్వు కథలు చెప్పు, ఆడియో పుస్తకాలు వినిపించు. అచ్చు పుస్తకం చదవలేనివాళ్ళ కోసం సుగమ్య పుస్తకాలయ అని ఒక ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది. చూపు లేనివాళ్ళకే కాక చదవడంలో వైకల్యం ఉన్నవాళ్ళకు కూడా పుస్తకాలను వేరే రూపాల్లో ఇవ్వడానికి వీలు కల్పించే మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది మన దేశమే. బాబు రిపోర్టు పెట్టి సభ్యత్వం అడుగు.

ఒక్క జాగ్రత్త. "చదువు రాకపోతే ఏంరా, నాలాగా బొమ్మలు వెయ్యి" అనకు. వాడికి బొమ్మలంటే ఇష్టమో కాదో నీ తొమ్మిది నిమిషాల్లో ఎక్కడా లేదు. వాడు లెక్కలవాడు కావచ్చు, కబడ్డీ వాడు కావచ్చు, ఏదీ ప్రత్యేకంగా రాని మామూలు పిల్లాడు కావచ్చు. అలా ఉన్నా వాడికి చదవడం నేర్పాల్సిందే.

నువ్వు ఈ వారంలో చేయాల్సినవి రెండే. ఇవాళ రాత్రి మీ ఆవిడకు చెప్పడం, ఎల్లుండి లోపు డైరెక్టరుకు ఫోన్ చేసి నెరేషన్ అడగడం. ఆయన ఏమన్నాడో నాకు చెప్పు. తొమ్మిది నిమిషాలు దాటినా ఫరవాలేదు, అద్దకం చేసుకుంటూ వింటాను.